తోడేలు బొమ్మ సీసాలో పొగ ఎక్కడుంది? హైలాండ్ పార్క్ 14 రుచి పరిశీలన

స్కాచ్ విస్కీ కంపెనీ హైలాండ్ పార్క్ వాళ్ల "లాయల్టీ ఆఫ్ ద వుల్ఫ్" సీసాను డ్యూటీ ఫ్రీలో కొని తెచ్చుకున్నవాళ్లు మొదటి పెగ్గు తర్వాత సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "స్మోకీ అన్నారు, పొగేదీ?" అడగడంలో తప్పేమీ లేదు. సీసా మీద తోడేలు, వైకింగుల చెక్కడాలు చూస్తే మూత తీయగానే కట్టెలపొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఉంటుందనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం చాలా మర్యాదస్తురాలైన విస్కీ. పొగ ఉంది. కానీ అది ముందుకొచ్చి పలకరించదు, మింగాక వెనకనుంచి వస్తుంది. మన ఇళ్లలో విస్కీ తాగే తీరుకు ఆ పొగ పూర్తిగా మాయమయ్యే అవకాశమే ఎక్కువ. ఐసు ముక్కలు నాలుగు, గ్లాసు నిండా సోడా, పక్కన మిర్చి బజ్జీ పెట్టుకుని దీన్ని తాగితే ఏ బ్లెండెడ్ స్కాచ్‌కీ దీనికీ తేడా తెలియదు. అంత డబ్బు పెట్టి కొన్నందుకు అది నష్టమే.

ముందు సీసా వివరాలు. వయసు 14 ఏళ్లు, ఆల్కహాల్ 42.3 శాతం, పరిమాణం లీటరు. మామూలు దుకాణాలకు కాకుండా విమానాశ్రయాల కోసం చేసిన వరసలోది. ఇదే వరసలో వయసు చెప్పని "స్పిరిట్ ఆఫ్ ద బేర్" 40 శాతంతో, 16 ఏళ్ల "వింగ్స్ ఆఫ్ ద ఈగిల్" 44.5 శాతంతో వచ్చాయి. ఎలుగుబంటి, తోడేలు, గద్ద అన్నమాట. ఈ మూడింట్లో మధ్యదే ధరకూ రుచికీ సరిగ్గా తూగుతుంది. ఎలుగుబంటి సీసా పలచగా ఉండి, తీపి తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్చదు. గద్ద బాగుంటుంది, దానికి తగ్గట్టే ధర కూడా పైన ఎగురుతుంది.

వయసు అంకె గురించి ఒక్క మాట. విమానాశ్రయాలకే పరిమితమైన సీసాల్లో చాలావాటి మీద ఏళ్లు ఉండవు, పేరే ఉంటుంది. ఆ సీసా బయట ఎక్కడా దొరకదు కాబట్టి ధరను పోల్చి చూసుకునే దారి కూడా ఉండదు. స్కాచ్ చట్టం ప్రకారం సీసా మీద 14 అని వేస్తే, లోపల కలిపిన విస్కీలన్నిట్లో అతి తక్కువ ఏళ్లున్నదాని వయసు అది. సగటు వేసి చెప్పడం కుదరదు. నీళ్లు, రంగు కోసం మామూలు క్యారమెల్ తప్ప మరేదీ కలపడానికి వీల్లేదు, తీపి కోసం చక్కెర అసలే కుదరదు. కాబట్టి ఈ విస్కీలో తగిలే తేనె తీపి పూర్తిగా ఓక్ పీపా నుంచి, స్వేదనం నుంచి వచ్చిందే.

పొగ ఇంత తక్కువగా ఎందుకుందో తెలిస్తే దాన్ని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. హైలాండ్ పార్క్ డిస్టిలరీ స్కాట్లాండ్ ఉత్తర కొసకు అవతల ఆర్క్నీ దీవుల్లో, కర్క్‌వాల్ ఊళ్లో ఉంది. స్థాపించిన సంవత్సరం 1798 అని కంపెనీ చెబుతుంది. చర్చిలో ఉద్యోగం చేస్తూ, అక్కడే దొంగసారా దాచిన మాగ్నస్ యూన్సన్ అనే మనిషి కథ దానికి జోడిస్తారు. వైకింగుల ముచ్చట కూడా పూర్తిగా కల్పన కాదు: ఆర్క్నీ దీవులు నార్వే ఏలుబడిలో ఉండేవి, 1468లో డెన్మార్క్–నార్వే రాజు తన కూతురి కట్నం కింద వాటిని స్కాట్లాండ్‌కు తాకట్టు పెట్టాడు, తిరిగి విడిపించుకోలేదు. చరిత్రగా బాగుంది, గ్లాసులోకి మాత్రం దానివల్ల ఒక్క చుక్క రుచీ రాదు. రుచికి సంబంధించిన సంగతి ఆ దీవుల గాలి. ఏడాది పొడుగునా వీచే ఈదురుగాలికి అక్కడ చెట్లు పెద్దగా పెరగవు, నేలబారుగా హీదర్ పొదలే ఉంటాయి. వేల ఏళ్లుగా ఆ పొదలు కుళ్లి తయారైన పీట్‌ను డిస్టిలరీ దగ్గర్లోని హాబిస్టర్ బీడులో కోసి ఎండబెడతారు. ఐలా దీవి విస్కీల్లో ఆసుపత్రి వాసన, అయోడిన్ ఘాటు కొట్టే పొగ ఉంటుంది. ఆర్క్నీ పొగలో అది ఉండదు. ఎండు పూలు, ఎండిన గడ్డి కాల్చినట్టు ఉంటుంది. లఫ్రోయిగ్ అనే ఐలా విస్కీ తాగి "బాబోయ్, డెట్టాల్" అన్నవాళ్లు కూడా దీన్ని వద్దనరు.

ఇక మోతాదు. మొలకెత్తిన బార్లీని, అంటే మాల్ట్‌ను, బట్టీలో ఆరబెట్టేటప్పుడు పీట్ పొగ పెడతారు. గింజ పైపొర తడిగా ఉన్నంతసేపే పొగ వాసననిచ్చే ఫినాల్స్ అనే పదార్థాలు దానికి పడతాయి. ఆరిపోయాక ఎంత పొగ పెట్టినా వృథా. అందుకే ముందు పీట్, తర్వాత పొగలేని కోక్ బొగ్గు వాడతారు. ఈ సీసాలో ఉన్న విస్కీ తయారైన రోజుల్లో హైలాండ్ పార్క్ తనకు కావలసిన మాల్ట్‌లో దాదాపు 20 శాతాన్ని మాత్రమే తన నేలమీద ఆరబోసి, మొలకెత్తించి, గట్టిగా పొగ పట్టించుకునేది. మిగతా 80 శాతం పొగ సోకని మాల్ట్. అది స్కాట్లాండ్ ప్రధాన భూభాగం నుంచి వచ్చేది. రెండూ కలిపితే పొగ పాలు పలచబడక తప్పదు. పోలికకు చూడండి: మాల్ట్‌లో ఫినాల్స్ పది లక్షల వంతుల్లో ఎన్ని అన్న లెక్కలో, పొగకు పేరున్న వేరే స్కాచ్‌లు చూస్తే, తాలిస్కర్ సుమారు 20, బోమోర్ 25 చుట్టుపక్కల, లఫ్రోయిగ్ 40 పైన, ఆర్డ్‌బెగ్ 55 దగ్గర. ఇది వీటన్నిటికన్నా బాగా కిందే.

పైగా ఆ అంకెలన్నీ మాల్ట్‌లో కొలిచినవి, సీసాలో కాదు. పిండిగా ఆడించి, నానబెట్టి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పట్టేసరికి అందులో చాలా భాగం పోతుంది. స్వేదనంలో ఫినాల్స్ బరువైనవి కాబట్టి ధార చివర్లో వస్తాయి. బట్టీ మనిషి ధారను ముందే కోసేస్తే పొగ తక్కువ, ఆలస్యంగా కోస్తే ఎక్కువ. ఆ తర్వాత పీపాలో 14 ఏళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ పొగ ఇంకా మెత్తబడి, పీపా రుచి పైకొస్తుంది. ఇన్ని జల్లెళ్లు దాటి మిగిలిన పొగ ఇది. సాంబ్రాణి వేసిన గదిలోకి గంట తర్వాత అడుగు పెడితే తగిలే వాసనంత. ఆ మోతాదుకు సిద్ధపడి కూర్చుంటే నిరాశ ఉండదు.

పీపాల విషయంలోనూ ఒక అపోహ తీర్చుకోవాలి. హైలాండ్ పార్క్ అంటే షెర్రీ, అంటే స్పెయిన్ వైన్, పట్టించిన పీపాలని పేరు. షెర్రీ అనగానే ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగం, ముదురు రంగు ఆశిస్తారు. అది యూరోపియన్ ఓక్‌లో షెర్రీ పట్టించిన పీపాల రుచి. ఈ 14లో అమెరికన్ ఓక్ పీపాలదే పెత్తనం: కొన్నిటికి షెర్రీ పట్టించారు, కొన్నిట్లో అంతకుముందు బోర్బన్ అనే అమెరికన్ విస్కీ ఉండేది. అమెరికన్ ఓక్ ఇచ్చేది వెనీలా, కొబ్బరి, తేనె, నిమ్మజాతి వాసనలు. అందుకే రంగు కూడా లేత బంగారమే. మరో సంగతి: "షెర్రీ పీపా" అంటే వైన్ రవాణాకు వాడి పారేసిన పాత పీపా అనుకోవద్దు. స్పెయిన్ నుంచి షెర్రీని పీపాల్లో ఎగుమతి చేయడం 1986 నుంచి ఆగిపోయింది. ఇప్పుడు విస్కీ కంపెనీలే కొత్త పీపాలు చేయించి, హెరెస్ ప్రాంతంలో షెర్రీ నింపి ఏడాదో రెండేళ్లో నానబెట్టి తెచ్చుకుంటాయి. హైలాండ్ పార్క్ యజమాని ఎడ్రింగ్టన్ కంపెనీ, మకాలన్ కూడా వాళ్లదే, ఈ పీపాల మీద పెట్టే ఖర్చుకు పేరుపడ్డది. ధరలో కొంత భాగం అటు పోతుంది.

రుచి చూసే పద్ధతికి వద్దాం. ఈ విస్కీ విషయంలో పద్ధతే సగం.

దుకాణం కౌంటరు దగ్గర చిన్న ప్లాస్టిక్ కప్పులో ఇచ్చే చుక్కను బట్టి నిర్ణయించుకోవద్దు. విమానం దిగినవాళ్ల ముక్కు లోపల పొడిబారి ఉంటుంది, క్యాబిన్ గాలిలో తేమ చాలా తక్కువ. డ్యూటీ ఫ్రీలో మందు అరలకు పక్కనే సెంటు అరలు ఉంటాయి, గాలి నిండా ఆ వాసనే. ఆ స్థితిలో గాఢమైన షెర్రీ విస్కీ, ఘాటైన ఐలా విస్కీ గెలుస్తాయి, ఇలాంటి నెమ్మదైనది ఓడిపోతుంది. అక్కడ చప్పగా అనిపించిందని వదిలేస్తే దాని తప్పు కాదు.

ఇంట్లో చేయాల్సింది ఇది. 30 మి.లీ. ఒక చిన్న పెగ్గు, పైన మూతి సన్నగా ఉండే గ్లాసులో పోయండి. తులిప్ ఆకారం గ్లాసు లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. వెడల్పు మూతి విస్కీ గ్లాసులో మాత్రం వద్దు. వాసనంతా పక్కలకు పోతుంది, ముక్కుకు ఆల్కహాల్ ఒక్కటే తగులుతుంది. అలమారలోంచి తీసిన గ్లాసుకు చెక్క వాసనో కలరా ఉండల వాసనో పట్టి ఉంటుంది, ముందు వేడినీళ్లతో కడిగి ఆరనివ్వండి. సబ్బు వాసన మిగలకూడదు. గదిలో అగరుబత్తి, దోమల కాయిల్, రూమ్ ఫ్రెషనర్ ఏవీ ఉండకూడదు. పూజ గది పొగ ముందు ఆర్క్నీ పొగ నిలబడదు.

వేడి సంగతి మన ఊళ్లలో ముఖ్యం. స్కాట్లాండ్ వాళ్లు "గది ఉష్ణోగ్రత" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది 18–20 డిగ్రీలు. ఏప్రిల్లో విజయవాడలో, రామగుండంలో గది ఉష్ణోగ్రత 35 దాటుతుంది. ఆ వేడికి ఆల్కహాల్ ఆవిరి ముందుగా లేచి ముక్కును మండిస్తుంది, వెనీలా వెనక పడుతుంది, పొగ అసలు కనపడదు. ఐసు వేయడం దీనికి మందు కాదు. గ్లాసులో పోసుకునే ముందు సీసాను ఏసీ గదిలో రెండు మూడు గంటలు ఉంచండి, లేదంటే ఫ్రిజ్‌లో పదీ పదిహేను నిమిషాలు. చేతికి చల్లగా తగలాలి, గ్లాసు మీద చెమ్మ పట్టకూడదు. చెమ్మ పట్టిందంటే ఎక్కువ చల్లబడినట్టు. అరచేతుల మధ్య గ్లాసు పట్టుకుని కాసేపు ఆగండి.

పోసిన వెంటనే ముక్కు గ్లాసులో దూర్చకండి. మూతికి కాస్త కింద పెట్టి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. మొదట వచ్చేది వెనీలా, పలచటి తేనె. వెనకే నిమ్మ తొక్క గీరినప్పటి పులుపు, చేదు కలిసిన వాసన. దేవదారు చెక్క ఛాయ కొద్దిగా. పొగ ఈ దశలో దాదాపు లేదు. ఉన్నా ఎండుగడ్డి అనుకుంటాం. ఐదు నుంచి పది నిమిషాలు గ్లాసును అలాగే వదిలేయండి. తేలికైన ఆల్కహాల్ ఆవిరి కొంత పోయాక తేనె చిక్కబడుతుంది, పచ్చి ఆపిల్ లాంటిదేదో తొంగిచూస్తుంది, అడుగున పొగ మొదటిసారి గుర్తుపట్టేలా ఉంటుంది.

మొదటి గుక్క నీళ్లు లేకుండానే. టీస్పూనులో సగమంత తీసుకుని నాలుక మీద ఐదారు సెకన్లు ఆడనిచ్చి మింగండి. మొదట తీపి, ఆపైన ఎండు అల్లం, తెల్ల మిరియం ఘాటు. మధ్యలో నిమ్మ తొక్క చేదు వచ్చి తీపిని కోస్తుంది. ఈ చేదే ఈ విస్కీకి వెన్నెముక, లేకపోతే వెనీలా పాయసంలా ఉండేది. మింగాక ముక్కుతో మెల్లగా ఊపిరి వదలండి. పొగ అక్కడే ఉంది. నాలుకకు కాదు, గొంతు వెనకనుంచి ముక్కుకు తగులుతుంది. కొద్దిగా బూడిద, ఎండు పూలు, చివర్లో కోకో పొడి చేదు. 42.3 శాతానికి తగ్గట్టు ఒంటి బలం మధ్యస్థంగానే ఉంటుంది. నోటినిండా నూనెలా పరుచుకునే గాఢత ఆశించొద్దు. 46 శాతంతో సీసాకెత్తి ఉంటే ఇంకో మెట్టు పైన ఉండేది, ఈ సీసా మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే.

ఇప్పుడు నీళ్లు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటరులో నమూనా కట్టి చూశారు. పొగ వాసనకు కారణమైన గ్వాయకాల్ అణువులు ఆల్కహాల్ 45 శాతం దాకా ఉన్న మిశ్రమంలో పైపొర దగ్గర చేరతాయని, 59 శాతం దాటితే లోపలికి కుంగిపోతాయని తేల్చారు. ఈ సీసా ఎలాగూ 45కు కిందే ఉంది కాబట్టి నీళ్లు కలపకుండా పీపాలోని బలంతోనే వచ్చే విస్కీలకు నీళ్లతో దక్కేంత లాభం దీనికి ఉండదు. అయినా మూడు మి.లీ. నీళ్లు మేలు చేస్తాయి: 30 మి.లీ. విస్కీకి మూడు కలిపితే బలం 38.5 శాతం దగ్గరికి దిగుతుంది, అల్లం ఘాటు తగ్గి పొగ ఒక అడుగు ముందుకొస్తుంది. ఆరు మి.లీ. కలిపితే 35కు దిగుతుంది. అప్పుడు తేనె, నిమ్మ బాగుంటాయి కానీ ముగింపు పొట్టిదైపోతుంది. అంతకుమించితే ఇక పలచటి తీపి నీళ్లే. కొలత కోసం దగ్గు మందుతో వచ్చే చిన్న సిరంజి గానీ డ్రాపరు గానీ పెట్టుకోండి. చెంబు వంచి కొలవడం కుదరదు.

నీళ్లు ఏవైనా పరవాలేదనుకోవద్దు. మున్సిపల్ నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన ఇంత పలచటి పొగను మింగేస్తుంది. బోరు నీళ్లలో ఉప్పదనం చేదును పెంచుతుంది. ఆర్‌ఓ నీళ్లు, లేదా కాచి చల్లార్చినవి చాలు. ఐసు విషయంలో మాట ఒక్కటే: చలికి వాసన ఇచ్చే పదార్థాలు ఆవిరి కావు, నాలుకకు తీపి తెలియడం తగ్గి చేదు మిగులుతుంది. ఈ విస్కీలో మంచిదంతా వాసనలోనూ తీపిలోనూ ఉంది కాబట్టి ఐసుకు బలయ్యేవి సరిగ్గా అవే. ఫ్రీజర్లో చేపల పక్కన గడ్డకట్టిన ఐసైతే చెప్పనే అక్కర్లేదు.

పొగ ఎంతుందో అనుమానం తీరనివాళ్లకు ఒక తేలిక పరీక్ష. గ్లాసు ఖాళీ చేశాక కడగకుండా వదిలేసి, ఒక గంట ఆగి వాసన చూడండి. ఆల్కహాల్, తేలికైన పళ్ల వాసనలు ఎగిరిపోతాయి. బరువైన ఫినాల్స్ గ్లాసు గోడకు పట్టి ఉంటాయి. తాగేటప్పుడు కనపడని పొగ అందులో స్పష్టంగా ఉంటుంది. స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు, అసలు పొగలేని విస్కీ గ్లాసుతో పక్కపక్కన చూస్తే తేడా పసిపిల్లలు కూడా చెప్పేస్తారు, వాళ్లను అడగొద్దు అనుకోండి.

మంచింగ్ గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. కారం, వెల్లుల్లి, పచ్చి ఉల్లి, నిమ్మకాయ పిండిన వేపుడు ఇవన్నీ దీనికి శత్రువులు. కారంలోని క్యాప్సైసిన్, ఆల్కహాల్ రెండూ నోట్లో ఒకే మంటను రేపుతాయి. ఒకదానికొకటి తోడై విస్కీ ఉన్నదానికన్నా రెండింతలు ఘాటుగా తోస్తుంది. అపోలో ఫిష్, చికెన్ 65 పక్కన పెట్టుకుని దీని ముగింపును వెతకడం దండగ. ఉప్పు వేయని వేయించిన బాదం, జీడిపప్పు, మెత్తటి చీజ్ ముక్క, 70 శాతం డార్క్ చాక్లెట్ నప్పుతాయి. మనవాటిలో పాలకోవా బాగుంటుంది: దాని కాచిన పాల రుచి వెనీలాను పట్టుకుంటుంది, తీపి చేదును సర్దుతుంది. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న కండె, ఉప్పు కారం రాయకుండా తింటే, పొగకు పొగ జత. భోజనం తర్వాత కాదు, ముందే తాగాల్సిన విస్కీ ఇది. రెండో పెగ్గు దాటాక ముక్కు అలసిపోతుంది, ఆ తర్వాత పోసేది ఏ విస్కీ అయినా ఒకటే. నలుగురు కూర్చుని రెండు మూడు రకాలు రుచి చూసేటట్టయితే ముందు పొగలేనిది, తర్వాత ఇది, చివర ఐలా విస్కీ. వరస తిరగబడిందా, ఆర్డ్‌బెగ్ తర్వాత ఇది చక్కెర నీళ్లే.

కొనడం ఎలాగన్నది మిగిలింది. ధర ఊరూరికీ, ఆఫరు ఆఫరుకీ మారుతుంది కాబట్టి అంకె కన్నా లెక్క ఉపయోగం. డ్యూటీ ఫ్రీ సీసా లీటరు, మామూలు దుకాణాల్లో అదే కంపెనీ 12 ఏళ్ల సీసా బ్రిటన్‌లో 700 మి.లీ., అమెరికాలో 750. రెండింటినీ 100 మి.లీ.కి ఎంత పడుతుందో చూడండి. 14 ఏళ్లది 12 మీద పావు వంతు దాకా ఎక్కువైతే సందేహించకుండా తీసుకోవచ్చు. సగం ఎక్కువైతే 12తో సరిపెట్టుకోవడమే మేలు. షెర్రీ, పొగ 12లో ఇంకా దగ్గరదగ్గరగా అల్లుకుని ఉంటాయి, 14లో వెనీలాకు పెద్దపీట. రెంటి మధ్య ఉన్నది వేరు రుచే గానీ రెండేళ్ల గొప్ప తేడా ఏం కాదు. అదే అరలో దీనికి పోటీగా వచ్చినవి రెండు. బోమోర్ 10 "డార్క్ అండ్ ఇంటెన్స్", 40 శాతం, షెర్రీతో కాస్త గట్టి పొగ. తాలిస్కర్ "డార్క్ స్టార్మ్", 45.8 శాతం, బాగా కాల్చిన పీపాల్లో పెట్టింది, మిరియం ఘాటు, పొగ రెండూ బలంగా. పొగ కోసమే కొనేవాళ్లకు తాలిస్కరే సరైన సీసా. ఇంట్లో పొగ అలవాటు లేనివాళ్లతో పంచుకోవాలంటే ఈ తోడేలు.

భారత్‌లోకి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి రెండు లీటర్లు, విస్కీ, వైన్, బీరు అన్నీ కలిపి. అంటే లీటరు సీసాలు రెండు సరిగ్గా సరిపోతాయి, 700 మి.లీ. సీసాలు రెండైతే 600 మి.లీ. వదులుకున్నట్టే. శంషాబాద్‌లో నేరుగా దిగేవాళ్లు అక్కడి ఆగమన దుకాణంలో కూడా కొనవచ్చు, దుబాయ్ నుంచో దోహా నుంచో మోసుకురావక్కర్లేదు. ముందు ధరలు పోల్చుకుని, సరుకు ఉందో లేదో చూసుకోండి. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి విశాఖకో విజయవాడకో మరో విమానం ఎక్కేవాళ్లు సీసాను చెకిన్ లగేజీలోకి మార్చుకోవడం భద్రం. అక్కడి తనిఖీలో చేతి సామానులోని సీసాకు అడ్డు రావచ్చు. దారి మధ్యలో విమానం మారేవాళ్లు ముద్ర వేసిన పారదర్శక సంచిని గమ్యం చేరేదాకా విప్పకూడదు, రసీదు లోపల కనపడాలి. అమెరికా వెళ్లేవాళ్లకు 21 ఏళ్లు నిండితే సుంకం లేని పరిమితి సాధారణంగా ఒక లీటరు. మొదట దిగిన ఊళ్లో సామాను తీసుకుని మళ్లీ ఇచ్చేటప్పుడే సీసాను పెట్టెలో పెట్టేయండి, డల్లాస్ వెళ్లే విమానం గేటు దగ్గర వదులుకోవాల్సిన పని ఉండదు. అట్టపెట్టె అందానికే, దెబ్బకు ఆగదు. లోపలి విస్కీతో కలిపి కిలోన్నర పైచిలుకు బరువున్న గాజు సీసా అది. పెట్టె నడిమధ్యన, నాలుగువైపులా బట్టలు, మెడ దగ్గర మేజోళ్లు కుక్కి సర్దండి.

నగరాల్లో చేతులు మారి "డ్యూటీ ఫ్రీ సరుకు" పేరిట అమ్మే సీసాలు కొనకండి. అలా అమ్మడమే నేరం, పైగా ఖాళీ సీసాలో వేరేది నింపి అమ్మడం పాత వ్యాపారం. మూత మీది తొడుగు ముడతలు, గాజు మీది లాట్ నంబరు గీకేసి ఉండటం, సీసాల్లో ద్రవం మట్టాలు వేర్వేరుగా ఉండటం అనుమానించాల్సిన గుర్తులు.

తెచ్చాక నిలబెట్టే ఉంచండి, వైన్‌లా పడుకోబెడితే 42 శాతం ఆల్కహాల్ కార్కును తినేస్తుంది. ఎండ పడని బీరువా కింది అర మంచిది. వేసవిలో స్లాబు కింది పై అర వద్దు: వేడికి లోపలి గాలి వ్యాకోచించి కార్కు వదులవుతుంది. సీసా తెరిచాక, లోపల మూడో వంతు మిగిలేదాకా ఏ చింతా లేదు. మొదటి పది రోజుల్లో కాస్త గాలి తగిలి మెరుగవుతుంది కూడా. మూడో వంతుకు దిగాక మాత్రం లోపల గాలి ఎక్కువై, ఆ పలచటి పొగ, నిమ్మ రెండూ మెల్లగా తగ్గిపోతాయి. నాలుగైదు నెలల్లో అయిపోదనుకుంటే మిగిలినదాన్ని 200 మి.లీ. గాజు సీసాల్లోకి అంచుదాకా నింపి మూత బిగించండి. ప్లాస్టిక్ సీసా వద్దు.

అప్పటికే చప్పబడిందా, సోడాకు పనికొచ్చే సమయం అదే: పొడుగు గ్లాసు నిండా గట్టి ఐసు, 45 మి.లీ. విస్కీ, బాగా చల్లబెట్టిన సోడా 120 మి.లీ. గ్లాసు అంచునుంచి మెల్లగా పోసి, ఒక్కసారి కలిపి, నిమ్మ తొక్క ముక్క పిండి అందులో వేయండి. రసం మాత్రం పిండకండి.